మేస్త్రి చెరిపేసిన ఏటవాలు గీతలు

మా వర్క్‌షాపులో మేస్త్రి బల్ల పక్కన గోడకి ఒక ఇనుపతీగ పంజరం వేలాడుతూ ఉంటుంది. అందులో పిట్ట ఎన్నడూ లేదు. ఇరవై రెండో ఏట అతను సొంతంగా అల్లిన మొదటి పంజరం అది. కొత్తగా చేరినవాళ్లు "కంప్యూటర్ గదిలో పంజరమేంటి మేస్త్రీ?" అని అడిగితే, తెరమీద బొమ్మ చూపించి "అది అన్న, ఇది తమ్ముడు" అనేవాడు.

మేము కృత్రిమ కాళ్లు చేస్తాం. నేను ఫిట్టర్ని. కాలు మనిషికి తొడిగి, నడిపించి, ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి సరిచేయడం నా పని. నా చేతికి వచ్చేముందు ఆ కాలు మేస్త్రి కంప్యూటర్లో పుడుతుంది. తెగిన కాలి చుట్టూ స్కానర్ తిప్పితే అది తెరమీద వలలాగా వస్తుంది, వేల గళ్ల వల. ఆ వల ఆధారంగానే సాకెట్ తయారవుతుంది. సాకెట్ అంటే మిగిలిన కాలు దూర్చుకునే గిన్నె. మిగతా భాగాలన్నీ పెట్టెల్లో వస్తాయి, ఎవరికైనా ఒకటే. సాకెట్ మాత్రం ఎవరిది వాళ్లదే. బియ్యపు గింజంత తేడా వచ్చినా చర్మం ఊరుకోదు.

మేస్త్రి చదివింది ఆరో తరగతి. ముప్పై ఏళ్లు తీగతో బతికాడు: పంజరాలు, దీపాల గొడుగుల చట్రాలు, దుకాణాల బుట్టలు. ప్లాస్టిక్ వచ్చి ఆ పని పోయాక, బెల్టుల కొక్కేలు వంచడానికి మా దగ్గర చేరాడు. కంప్యూటర్ వచ్చిన రోజు మేమంతా దూరంగా నిలబడి చూస్తుంటే, అతను మాత్రం తెర దగ్గరకి వెళ్లి, గళ్ల మీద వేలు పెట్టి, "ఇది నా పనే కదా" అన్నాడు. నవ్వాం. రెండేళ్లలో శిక్షణకి వెళ్లొచ్చినవాళ్లు అతన్ని అడిగి పని చేసే స్థితి వచ్చింది. ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులో అర్థమైంది అర్థమైనట్టు రాసుకునేవాడు. అర్థం కానిదాని పక్కన ఒక చిన్న పంజరం బొమ్మ గీసేవాడు. తర్వాత అర్థమైతే పంజరానికి తలుపు తెరిచినట్టు గీత పెట్టేవాడు.

ఆ వలను తెరమీద చూపించడానికి పద్ధతులు చాలా ఉన్నాయని నాకు అతనే చెప్పాడు. మొదటిది, ఉన్న గీతలన్నీ గీసేయడం. గోడమీది పంజరాన్ని చూస్తే ముందు తీగలూ కనిపిస్తాయి, వెనక తీగలూ కనిపిస్తాయి, అలాగ. దాపరికం లేదు. కానీ గళ్లు వేలల్లో ఉంటే తెరంతా చిక్కుపడ్డ జుట్టు.

రెండోది, వెనకవి దాచడం. ముందు ప్రతి గడికీ కాగితం రంగు పూసి, పైన గీతలు గీస్తారు. వెనక ఉన్నవి ఆ రంగు కింద పడిపోతాయి. చూడ్డానికి హాయి. అయితే గడీ, దాని అంచు గీతా ఒకే లోతులో ఉంటాయి గనక రెండూ పైకి రావాలని పోట్లాడుకుని గీత తునకలు తునకలవుతుంది. గడిని వెంట్రుకవాసి వెనక్కి నెడితే సర్దుకుంటుంది. ఎక్కువ నెడితే పల్చని చోట వెనకవి మళ్లీ తొంగిచూస్తాయి.

మూడోదాని మీద అతనికి ప్రాణం. అందులో గీతలు విడిగా గీయరు. తెరమీది ప్రతి చుక్కా 'నేను అంచుకి ఎంత దూరంలో ఉన్నాను?' అని లెక్క వేసుకుంటుంది. దగ్గరైతే నల్లబడుతుంది, దూరమైతే ఊరుకుంటుంది. గీత నున్నగా వస్తుంది, దగ్గరున్నది లావుగా, దూరమైంది సన్నగా పెట్టుకోవచ్చు. ఏ గీత వద్దనుకుంటే దాన్ని గీయకుండా ఆపొచ్చు. ఎనిమిది నెలలు కుస్తీపట్టి అతనే రాశాడు దాన్ని. రాసి, గళ్లలో మూల నుంచి మూలకి పోయే ఏటవాలు గీతల్ని తీసేశాడు.

"అవెందుకు తీశావు?" అని అడిగాను అప్పుడు.

"పంజరానికి ఏటవాలు తీగ వేస్తారా ఎవరైనా? నిలువూ అడ్డం, అంతే. అవి ఉంటే బొమ్మ గజిబిజి."

నిజంగానే బొమ్మ ముద్దొచ్చేది. కాలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు చూసి మురిసిపోయేవాళ్లు. వర్క్‌షాపంతా అదే వాడటం మొదలుపెట్టింది. కంప్యూటర్ పాతది, బరువు లాగలేదు. అందుకని గళ్లు కూడా గోరంత పెద్దవి చేసి సగానికి తగ్గించాడు. నాలుగేళ్లు ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత అతని అక్క కాలు వచ్చింది.

వాళ్లమ్మ పోయేనాటికి మేస్త్రికి ఆరేళ్లు, అక్కకి పదమూడు. అప్పటినుంచి కుట్టుమిషన్ తొక్కి తమ్ముణ్ణి పెంచింది. ఇద్దరూ పెళ్లి మాట ఎత్తలేదు. "పంజరాలు చేసేవాడికి పిల్లనెవరిస్తారయ్యా ఫిట్టరూ?" అని నాతో అనేది. "మరి మీకో అక్కగారూ?" అంటే, "నాకు అందరి కొలతలూ తెలుసు నాయనా, ఎవడూ సరిపోలేదు" అనేది.

షుగర్ వల్ల బొటనవేలికి పుండుపడి, అది ఎక్కి ఎక్కి, మోకాలి కింద జానెడు మిగిల్చి కాలు తీసేశారు. అప్పుడు స్కానర్ రిపేరులో ఉంటే, సాకెట్ నేను పాత పద్ధతిలో పిండికట్టు అచ్చు తీసి చేశాను. ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత కాలు చిక్కి, సాకెట్ వదులైంది. ఈసారి స్కాన్ చేద్దామన్నాడు మేస్త్రి. తన అక్కకి తన చేతి పని ఇవ్వాలని ఎవరికుండదు?

స్కాన్‌తో చేసిన మొదటి సాకెట్ తొడిగిన పన్నెండో రోజున ఎముక అంచు దగ్గర చర్మం చిట్లింది. షుగర్ మనిషికి నొప్పి సరిగా తెలియదు. సాకెట్ లోపల కాలికి వేసుకునే మేజోడు రక్తంతో తడిస్తే గాని ఆమెకి తెలియలేదు. నెలన్నర విశ్రాంతి, పుండు మానింది. ఆ చోట ఒక మిల్లీమీటరు వదులు చేసి రెండోది చేశాడు. అక్కడే చిట్లింది. రెండు మిల్లీమీటర్లు వదిలి మూడోది చేశాడు. మళ్లీ అక్కడే. గిన్నె అడుగు ఇరుకు. నా వేళ్లు అంతదూరం పోవు, పైగా లోపల మెత్తటి పొర అతికించి ఉంటుంది. నాకూ ఏమీ తగల్లేదు.

మూడోసారి పుండు మానాక డాక్టరు మేస్త్రిని బయటికి పిలిచి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"అక్కడ ఎముక మీద చర్మం తప్ప ఇంకేం మిగల్లేదు. ఇంకొక్కసారి తెగిందా, మోకాలి పైకి తీసేయాల్సి వస్తుంది. మోకాలు పోతే ఈ వయసులో నడక కష్టం. ఇక చేయబోయేది నాలుగోది కదా? తప్పెక్కడుందో తెలిసేదాకా తొడగొద్దు."

"తెలుసుకుంటానమ్మా" అన్నాడు మేస్త్రి.

మర్నాటినుంచి అతను ఆ తెర ముందు నుంచి లేవలేదు, రాత్రుళ్లూ వర్క్‌షాపులోనే పడుకున్నాడు. మొదట తన నున్నటి పద్ధతిలోనే తిప్పి తిప్పి చూశాడు. అందంగా ఉంది, తప్పు లేదు. వెనకవి దాచే పద్ధతిలో పెట్టాడు: బయటి గోడ కనిపిస్తుంది, లోపలి గోడ పోతుంది. కడుపులో నొప్పికి వీపు చూసినట్టుంది అన్నాడు. తెరమీదే గిన్నెని నిలువునా కోసి చూశాడు. లోపలి గోడ కనిపించింది, గళ్లు వరసగా ఉన్నాయి. గీతలన్నీ గీసే పద్ధతికి మార్చాడు. లోపలిదీ బయటిదీ ముందుదీ వెనకదీ కలిసి నల్లటి ముద్ద. అందులోనూ తన అలవాటు ప్రకారం ఏటవాలువి తీసేసే ఉంచాడు. అవి కూడా ఉంటే ఇంకా ముద్దవుతుందని. దూరం గీతల్ని బూడిదరంగు చేశాడు. లోపలి గోడకి ఎరుపు పెట్టాడు. కళ్లు నీళ్లు కారేవి. తుడుచుకుని మళ్లీ చూసేవాడు.

"మేస్త్రీ, తిని చూడు. కాలు ఎక్కడికీ పోదు" అన్నాను ఒకరోజు.

"పోతుంది" అన్నాడు. "అదేగా చెప్పింది ఆవిడ."

ఆపైన నేను జోకులు మానేశాను.

అయిదో రోజు మూడో సాకెట్‌ని, బిగించిన పాదంతో సహా, ఇంటికి పట్టుకెళ్లాడు, అక్క కాలి పక్కన పెట్టి కొలతలు మళ్లీ చూద్దామని. కొలతలు సరిపోయాయి. సాకెట్ అక్కడే బట్టల బీరువా పక్కన వదిలేసి వచ్చాడు. ఆ సంగతి తర్వాత నాకు వెయ్యిసార్లు చెప్పాడు. వదిలేసి వచ్చాను ఫిట్టరూ, సంచిలో పెట్టుకోకుండా వదిలేసి వచ్చాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బలవంతాన అతన్ని ఇంటికి తీసుకెళ్లాను. రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్, గోడవారగా నడుమెత్తున కత్తిరింపు బల్ల. అక్క మిషన్ ముందు కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో దుప్పటి కప్పుకుని.

"వచ్చాడండీ మహానుభావుడు. ఏరా, నా కాలు దొరికిందా?"

"దొరకలేదక్కా."

"దొరక్కపోతే పోనీ. నీ మొహం చూడు, ఉతికి పిండిన గుడ్డలా ఉంది. ఇలా రా, ఈ బక్రం పట్టుకో."

కాలర్ల లోపల పెట్టే గట్టిగుడ్డని బక్రం అంటారు. అప్పుడే కత్తిరించినట్టుంది, జానెడు జానెడు చదరం. రెండు మూలలు ఆమె పట్టుకుంది, రెండు మూలలు తమ్ముడికిచ్చింది, దానికంటుకున్న దారప్పోగులు దులపడానికి.

"సరిగ్గా పట్టుకోరా. ఒక మూల ఎత్తేశావు, చూడు, మడత పడింది."

మేస్త్రి కుడిచేతి మూల పైకి లేచి, గుడ్డ మధ్యలో మూల నుంచి మూలకి ఒక గట్టు లేచింది. అక్క విసుక్కుని మధ్యలో వేలితో నొక్కింది. టక్కున గట్టు పోయి, మిగతా రెండు మూలల మధ్య పల్లం పడింది. నాలుగు మూలలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ కదపలేదు.

మేస్త్రి ఆ గుడ్డని చూస్తూ ఉండిపోయాడు.

"మళ్లీ నొక్కక్కా."

"ఏంట్రా?"

"కిందనుంచి నొక్కు."

నొక్కింది. పల్లం పోయి గట్టు లేచింది. మూలలు అవే.

"ఏటవాలుది" అన్నాడు. "నేను తీసేసిన ఏటవాలుది!" ఆ గుడ్డని చేతిలో పట్టుకునే వీధిలోకి పరిగెత్తాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

"పిచ్చి పట్టింది వీడికి" అంది అక్క. నేను చెప్పులు పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

వర్క్‌షాపుకి వెళ్లి అతను తన ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చాడు, అంతే. ఏటవాలు గీతలన్నీ తిరిగొచ్చాయి. ఎముక అంచు దగ్గర లోపలి గోడని పెద్దది చేశాడు. నాకు కూడా కనిపించింది.

ఆ వలని చదివి సాకెట్‌ని అచ్చు వేసే యంత్రానికి నాలుగు మూలల గడి తెలియదు. దాన్ని రెండు ముక్కోణాలుగా విరిచి వేస్తుంది. గడి చదునుగా ఉంటే ఎటు విరిచినా ఒకటే. మూల లేచి మెలితిరిగిన గడి అయితే ఒకవైపు విరిస్తే పల్లం, రెండోవైపు విరిస్తే గట్టు. కండ ఉన్న కాళ్లకి గళ్లు అంతగా మెలితిరగవు. అక్క కాలు చిక్కి ఎముక అంచు తేలింది, పైగా మేస్త్రి చేసిన గోరంత గళ్లు. అక్కడ నాలుగు గళ్లు వరసగా లోపలికి గట్టు విరిగాయి. మెత్తటి పొర కింద కత్తి వాదర పెట్టినట్టు. రెండు మిల్లీమీటర్లు వదులు చేసినా గట్టు గట్టులాగే దాంతోపాటు జరిగింది. ఆ విరుపు ఎటుందో చెప్పేది ఏటవాలు గీత ఒక్కటే. బొమ్మ ముద్దొస్తుందని నాలుగేళ్ల కింద తీసేసింది అదే.

"నా అందం పాడుగాను" అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం, మర్నాడంతా కూర్చుని ఆ చోట గళ్లు గోరులో పదో వంతుకి తగ్గించాడు. ఒక్కొక్క ఏటవాలునీ పల్లం వైపుకి తిప్పాడు. యంత్రం నాలుగో సాకెట్ వేసింది. పొర అతికించకముందే సన్న పుల్ల అడుగు దాకా పోనిచ్చి లోపలి గోడంతా తడిమాను. ఎక్కడా ఆగలేదు.

సాకెట్‌ని గుడ్డలో చుట్టుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. మెట్లెక్కుతూ మేస్త్రి ఈల వేశాడు. పదకొండు రోజుల్లో అదే మొదటిసారి.

అక్క కుర్చీలో ఉంది. తలుపు తీసే ఉంది. దుప్పటి కింద నుంచి మూడో సాకెట్ అంచు కనిపించింది నాకు. మేస్త్రికీ కనిపించింది.

"అక్కా, అది ఎందుకు వేసుకున్నావు?"

"ఏదీ?"

"అక్కా."

"బల్ల నడుమెత్తు ఉందిరా. కూర్చుని కత్తిరిస్తే వంకర పోతుంది. కొంచెంసేపే నిలబడ్డాను, రోజుకి గంట. నొప్పేం లేదు."

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని సాకెట్ లాగాడు. మేజోడు ఎర్రగా ఉంది, అంచు దగ్గర నల్లబడి ఉంది.

"ఎన్ని రోజుల్నుంచి?"

"నువ్వు తెచ్చిపెట్టిన మర్నాటినుంచి. అరవకురా. పన్నెండు చొక్కాలు అలాగే పడున్నాయి, నువ్వేమో అక్కడ తిండి మానేసి..."

అతను జేబులోంచి ఆ బక్రం ముక్క తీశాడు. అది నాలుగువైపులా సూటిగా ఉంది, ఒక్క నూలుపోగు వంకర లేదు. కూర్చున్న మనిషి కత్తిరింపు కాదు అది. తప్పు చూపించిన గుడ్డని ఆమె ఆ తప్పు మీదే నిలబడి కత్తిరించింది. మేస్త్రికి ఆ సంగతి అర్థమవుతుంటే నేను అతని మొహం చూడలేకపోయాను.

ఆసుపత్రికి మోసుకెళ్లాం. డాక్టరు పుండులోకి సన్నటి కడ్డీ పెట్టింది. కడ్డీ ఎముకకి తగిలి చప్పుడైంది. ఆవిడ చేతొడుగులు తీసేసింది. మూడోరోజు మోకాలు పోయింది.

ఆపరేషన్ అయిన వారానికి మేస్త్రి నాలుగో సాకెట్ పట్టుకుని వార్డుకి వచ్చాడు. ఇంట్లో ఉంచలేక తెచ్చాడనుకుంటాను. అక్క చెయ్యి చాపింది.

"ఇదేనా? ఇలా తే."

ఆమె చేతులు చిన్నవి. వేళ్లు దగ్గరగా పెట్టి అడుగు దాకా దూర్చింది. జీవితమంతా గుడ్డ తడిమిన వేళ్లు. మెల్లగా చుట్టూ తిప్పింది. వార్డులో నర్సు ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది.

"నున్నగా ఉందిరా" అంది. "ఎక్కడా కుట్టు తగలడం లేదు."

"నేనే చంపానక్కా నీ మోకాల్ని. ముద్దొచ్చిందని గీతలు తీసేశాను."

"నువ్వు గీతలు తీశావు, నేను మాట వినకుండా నిలబడ్డాను. ఏడవాలనుకుంటే బయటికెళ్లి ఏడువు, పక్కమంచం ఆవిడ పడుకుంది." సాకెట్ లోంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

తర్వాత మేస్త్రి నాలుగేళ్లలో చేసిన కాళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఏటవాలు గీతలతో చూశాడు. ఇద్దరివాటిలో చిన్న గట్లున్నాయి. ఇళ్లకి వెళ్లి తెచ్చి మార్చాం. ఆ ఇద్దరికీ ఏమీ కాలేదు. నున్నటి బొమ్మ అలవాటైన కొందరు గొణిగారు, ఈ చిక్కుజుట్టు ఎలా చూడాలని. మేస్త్రి నోటుబుక్కులో ఏటవాలు గీతల గురించి రాసుకున్న పేజీకి వెళ్లి, తలుపు తెరిచిన పంజరం బొమ్మకి మళ్లీ తలుపు మూసేశాడు.

మూడు నెలలకి తొడ గాయం మానింది. కొత్త స్కాన్ తీశాం. మోకాలు లేని కాలు, ఈ వయసు, నడుస్తుందో లేదో డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. స్కాన్ రోజున అక్క ఇంటికి పోనంది. చక్రాల కుర్చీ తమ్ముడి పక్కకి తోయించుకుంది.

తెరమీద గీతలన్నీ ఉన్నాయి, ముందువీ వెనకవీ ఏటవాలువీ. అతను ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చూస్తున్నాడు. గట్టా పల్లమా, గట్టా పల్లమా. వేలు గడి తప్పినప్పుడల్లా వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెడుతున్నాడు.

"ఎన్ని చూశావురా?" అంది అక్క చాలాసేపయ్యాక.

"రెండొందల పద్నాలుగు."

"మొత్తం ఎన్ని?"

"నాలుగు వేల ఆరొందలు."

ఆమె గోడమీద పంజరం వైపు చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"కానియ్. నాకేం ఎక్కడికీ పోయే తొందర లేదు."